తుప్పు మీద రేకు కప్పితే మరమ్మతు అవుతుందా?

మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పాత పికప్ బేరానికి వచ్చినవాళ్లు ముందు ఇంజన్ స్టార్ట్ చేయించి సౌండు వింటారు. పొగ ఏ రంగులో వస్తోందో చూస్తారు. టైర్ల అరుగుదల, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు, ఇన్సూరెన్స్ తేదీ అడుగుతారు. క్యాబిన్‌లో రబ్బరు మ్యాట్ ఎత్తి చూసేవాళ్లు తక్కువ. బండి కిందికి దూరి, తొట్టి అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసేవాళ్లు ఇంకా తక్కువ. ఇంజన్ విప్పి బోరింగ్ చేయించుకోవచ్చు, టైర్లు మార్చుకోవచ్చు. నేల రేకు తినేసిన బండికి మాత్రం పైన ఎన్ని పూతలు రంగు కొట్టినా లోపల బలం రాదు. అసలు బాధ ఏమిటంటే, ఆ నేలను బాగుచేసే పేరుతో చాలా షెడ్లలో జరుగుతున్నది మరమ్మతు కాదు, కప్పిపెట్టడం.

ఆ పద్ధతి బండి నడిపే అందరికీ తెలిసిందే. చిల్లులు పడిన పాత రేకును అలాగే ఉంచి, దానిమీద కొత్త రేకు పరుస్తారు. అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెడతారు. పైన రెడ్ ఆక్సైడ్, ఆపైన నల్లరంగు. సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. ఓనరుకు ఖర్చు తక్కువ, మేస్త్రీకి పని త్వరగా తెమిలింది, చూసేవాళ్లకు కొత్త నేల. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అదే చోట రేకు ఉబ్బి, వెల్డింగ్ చుక్కలు ఊడి, ఈసారి చిల్లు రెండింతలై కనిపిస్తుంది.

అలా ఎందుకు అవుతుందో తుప్పు స్వభావమే చెబుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అతుక్కుని కింద ఉన్న లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. పొలుసులుగా లేస్తుంది, తేమను పీల్చి పట్టుకుంటుంది, పొర రాలిన ప్రతిసారీ కింద ఉన్న మంచి ఇనుమును నీటికీ గాలికీ అప్పజెబుతుంది. పైగా ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. రెండు రేకుల మధ్య సందులో ఆ చోటు ఉండదు కాబట్టి అది రేకులనే విడదీసి ఉబ్బుతుంది. సందులోకి దూరిన నీరు ఎండకు ఆరదు, బ్రష్షుకు అందదు, రంగుకు అందదు. విడిగా ఒక్క రేకు ఉంటే పట్టే తుప్పుకన్నా ఈ ఇరుకులో పట్టే తుప్పు ఎక్కువ చెరుపు చేస్తుంది. అంటే పైన కప్పిన రేకు పాత జబ్బును ఆపకపోగా దానికి నీడ కల్పిస్తోంది.

మార్కాపురం, గిద్దలూరు ఉన్న పశ్చిమ ప్రకాశంలో బండి నేల తుప్పు పట్టడమే మొదట వింతగా అనిపిస్తుంది. ఇక్కడ సముద్రపు గాలి లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ, పొడిగాలి. లెక్క ప్రకారం ఒంగోలు, చీరాల తీరంలో తిరిగే బండికన్నా మార్కాపురం బండి ఎక్కువ కాలం నిలవాలి. గాలి వరకు ఆ మాట నిజమే. కానీ బండి నేలను తినేది గాలిలో తేమ కన్నా బండి మోసే సరుకు.

ఆ సరుకులో మొదటిది నీళ్లు. ఫ్లోరైడ్ బాధ ఉన్న ఊళ్లు ఇక్కడ కోకొల్లలు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి కృష్ణా నీళ్ల కోసం ఎదురుచూసిన ప్రాంతమిది. తాగునీటి కోసం ట్యాంకర్లూ, శుద్ధి ప్లాంట్ల నుంచి 20 లీటర్ల క్యాన్లూ ఊరూరా తిరగడం మామూలు దృశ్యం. 50 క్యాన్లు ఎక్కిస్తే నీటి బరువే 1,000 కిలోలు. మూతల నుంచి తొణికిన నీరు తొట్టి మూలల్లో నిలుస్తుంది. క్యాన్లు దించి మళ్లీ ఎక్కించేలోపు నేల ఆరే వ్యవధే ఉండదు. ఎండాకాలంలో బండికి గిరాకీ ఎక్కువ, నేల తడి కూడా అప్పుడే ఎక్కువ. నీళ్లు లేని సీమలో బండ్లను నీళ్లే తినేస్తున్నాయి.

తరువాతిది బండి కడిగే నీళ్లు. సర్వీసింగ్ పాయింట్లలో వాడేది బోరు నీరు. చాలాచోట్ల అది ఉప్పునీరు. అందులోని క్లోరైడ్లు రంగు పగుళ్లలోంచి రేకును చేరితే తుప్పు వేగం పెరుగుతుంది. బురద పోయిందని ఓనరు సంతోషిస్తాడు. రేకుల మడతల్లో ఉప్పు మిగిలిపోయిన సంగతి ఎవరికీ కనిపించదు.

ఎరువుల బస్తాలు ఇంకో రకం. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, దాని బరువులో దాదాపు సగం క్లోరైడే. యూరియా గాలిలో తేమను లాక్కుంటుంది. చిరిగిన బస్తా నుంచి రాలిన గుప్పెడు ఎరువు చెకర్ ప్లేటు గీతల్లోనో, తొట్టి మూల మడతలోనో చిక్కుకుంటే తొలి వానకు అది ఉప్పు ద్రావణం అవుతుంది. మిర్చి, పత్తి, కంది తోలినప్పుడు ఏ నష్టమూ లేని నేల ఒక్క ఎరువుల సీజన్‌లో మచ్చలు తేలుతుంది.

మార్కాపురానికి పేరు తెచ్చిన పలకల రాయి సంగతి వేరు. ఒకప్పుడు దేశమంతా బడిపిల్లల చేతుల్లోకి వెళ్లిన పలక నోటుపుస్తకాల ధాటికి తగ్గిపోయింది. ఇప్పుడు గోడలకూ నేలలకూ వాడే డిజైన్ పలకలుగా ఆ రాయి ఎగుమతి అవుతోంది. ఆ రాయి దానంతటది ఇనుమును తినదు. దాని అంచులు పదును. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఈడ్చితే తొట్టి రంగు గీసుకుపోయి ఇనుము బయటపడుతుంది. కోత మిషన్ల దగ్గరి తడి రాతిపొడి ఆ గీతల్లో ముద్దగా కూరుకుని తేమను పట్టి ఉంచుతుంది. రంగు పోవడం రాయి పని, తక్కిన పని తడిది.

క్యాబిన్ నేల కథ ఇంకా మోసకారిది. అక్కడ సరుకు ఉండదు, డ్రైవర్ కాళ్లు ఉంటాయి. ముందు అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ ఎండకు బిరుసెక్కి పగిలితే వాననీరు డ్యాష్‌బోర్డు వెనక నుంచి జారి మ్యాట్ కిందికి చేరుతుంది. తలుపు కింద, నేల మడతల్లో కంపెనీవాళ్లు నీరు పోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోతాయి. పైన మ్యాట్ పొడిగా ఉంటుంది, కింద రేకు నెలల తరబడి తడిగా ఉంటుంది. 2005లో వచ్చిన టాటా ఏస్ తొలి బండ్లకు ఇప్పుడు 20 ఏళ్లు దాటాయి. అంతకుముందు నుంచీ తిరుగుతున్న టాటా 207లు, మహీంద్రా పికప్పులు కూడా ఉన్నాయి. వాటిలో చాలావాటి మ్యాట్లు వేసిన నాటి నుంచి ఎవరూ ఎత్తి ఉండరు.

క్యాబిన్ నేల పోతే వచ్చే ముప్పు కాలికి రోడ్డు కనిపించడం ఒక్కటే కాదు. సీటు బోల్టులు ఆ నేలకే బిగించి ఉంటాయి. సీటు బెల్టు పట్టు కూడా నేలకో, దాన్ని ఆనుకున్న రేకుకో ఉంటుంది. పెడళ్లు నిలిచే ముందు గోడ ఆ నేలతోనే కలిసి ఉంటుంది. గిద్దలూరు నుంచి దిగువమెట్ట, పచ్చర్ల మీదుగా నంద్యాల వైపు నల్లమల దాటేటప్పుడు, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, లోడు బండిలో బ్రేకు పెడల్‌ను డ్రైవర్ ఒళ్లంతా బరువు పెట్టి తొక్కే మలుపులు వస్తాయి. సీటు కింద రేకు కదిలిపోయే బండితో ఆ మలుపులు తిరగడం ప్రాణాలతో పందెం. ఇక మిర్చి కోతలకు కూలీలను తొట్టిలో ఎక్కించి తీసుకెళ్లడం చట్టం ఒప్పుకోని పని. ఆ చట్టాన్ని పట్టించుకోని బండి నేల కూడా కుళ్లిందే అయితే, ఆ మనుషుల కాళ్ల కింద ఏముందో వాళ్లకెవరూ చెప్పరు.

సరైన మరమ్మతు ఎలా ఉంటుందో చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఇక్కడి మేస్త్రీలకు చేతకాని విద్య కాదు.

ముందు సీట్లు, మ్యాట్, అడుగున ఉండే తారు పొర అన్నీ తీసేయాలి. సుత్తితో తడితే మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోతే కంటికి కనిపించే చిల్లుకన్నా తుప్పు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. ఆ హద్దు దాటి, మంచి ఇనుము వచ్చేదాకా కోయాలి. ఓనర్లకు ఇదే మింగుడుపడదు: అరచేయంత చిల్లు చూపించి బండి ఇస్తే మేస్త్రీ మూరెడు రేకు కోశాడేమిటని గొడవ. తుప్పు పాకిన అంచుకు వెల్డింగ్ పట్టదు. పట్టినట్టు కనిపించినా పక్కనే చిరుగుతుంది. కాబట్టి మూరెడు కోసిన మేస్త్రీయే పని తెలిసినవాడు.

కొత్త రేకు మందం పాతదానికి సరిపోవాలి. 18 గేజీ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజీ అంటే 1.6, 14 గేజీ అంటే 2 మిల్లీమీటర్లు. చేతికి దొరికిన పల్చటి జీఐ రేకు ముక్క క్యాబిన్ నేలకు పనికిరాదు. పైగా జింకు పూత ఉన్న ఆ జీఐ రేకును అలాగే వెల్డింగ్ చేస్తే లేచే తెల్లటి పొగ మేస్త్రీకి జ్వరం తెప్పిస్తుంది. పూతను అంచుల్లో గీకేసి, గాలి ఆడే చోట చేయాలి. పాత నేలలో ఉండే గట్లు, మడతలు అందం కోసం పెట్టినవి కావు, పల్చటి రేకుకు బలం వాటివల్లే వస్తుంది. కొత్త ముక్కను బల్లపరుపుగా అతికిస్తే అది అడుగు పడిన ప్రతిసారీ లోపలికి వంగుతుంది. గట్లు మళ్లీ తట్టాలి.

రెండువైపులా నేల పోయిన బండికి ఒక్కసారే రెండూ కోయకూడదు. ఒకవైపు పూర్తిచేసి రెండోవైపుకు వెళ్లాలి. తలుపు చట్రానికి అడ్డంగా రాడ్డు వేసి నిలబెట్టాలి. లేదంటే క్యాబిన్ జారిపోయి, పని అయ్యాక తలుపు పట్టదు. వెల్డింగ్ ఒకే గీతగా గబగబా లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుంది. ముందు దూరదూరంగా చుక్కలు పెట్టి, చల్లారనిస్తూ, వాటి మధ్య కొంచెం కొంచెంగా కలుపుతూ చివరికి చుట్టూ సందు లేకుండా మూయాలి. పల్చటి రేకుకు పాత ఆర్క్ వెల్డింగ్ కన్నా సీఓటూ వెల్డింగ్ నయం, రేకు కాలి చిల్లు పడదు. అన్నిటికన్నా ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్ ట్యాంకునూ పైపులనూ నిప్పురవ్వలకు దూరం చేయాలి, నేల కింద పాకే వైర్ల కట్టను పక్కకు తీయాలి. తొందరలో ఈ మూడు జాగ్రత్తలూ వదిలేసే షెడ్డుకు బండి ఇవ్వకపోవడమే మంచిది.

అతుకు అయ్యాక అసలు కాపుదల మొదలవుతుంది. వెల్డింగ్ జరిగిన చోట కింద వైపు కూడా రంగు కాలిపోయి ఉంటుంది. పైన మాత్రమే ప్రైమర్ కొట్టి కింద వదిలేస్తే అక్కడి నుంచి తుప్పు మళ్లీ మొదలు. రెండువైపులా ప్రైమర్, కీళ్ల వెంబడి సీలర్, ఆపైన రంగు, అడుగున తారు కోటింగ్. నీరు పోయే రంధ్రాలు పాతచోటే మళ్లీ పెట్టి తెరిచి ఉంచాలి. ఉత్సాహం కొద్దీ తారు కోటింగ్‌తో ఆ రంధ్రాలను కూడా మూసేసే పనితనం చాలాచోట్ల జరుగుతోంది. దానివల్ల క్యాబిన్ నీళ్లతొట్టి అవుతుంది.

రేకు చిల్లు పడక, పైన ఎర్రటి పొర మాత్రమే ఉంటే కోయాల్సిన పనిలేదు. వైర్ బ్రష్షుతో పొలుసు రాల్చి, తుప్పును మార్చే రసాయనం పూస్తే సరిపోతుంది. వాటిలో కొన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో, కొన్ని టానిన్‌తో పనిచేస్తాయి. టానిన్ ఇనుముతో కలిస్తే నల్లటి స్థిరమైన పదార్థం అవుతుంది. ఈ రసాయన శాస్త్రం మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయ రసంలో నానిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రవంతో నల్ల గీతలు గీసేది ఈ చర్యతోనే. నల్లమల కరక్కాయలోని గుణమే డబ్బాలో పోసి అమ్ముతున్న కొన్ని మందుల్లోనూ ఉంది. అయితే ఏ మందుకైనా హద్దు ఉంది: పోయిన ఇనుమును అది తిరిగి తేలేదు. చిల్లు పడ్డాక కోతే మార్గం.

ఇన్ని పనులు ఎందుకు, తొట్టి నిండా చెకర్ ప్లేటు పరిచేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. లెక్క చూద్దాం. రెండున్నర మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టికి 3 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు వేస్తే దాని బరువు 100 కిలోలు. నీళ్ల బండికి అది ట్రిప్పుకు ఐదు క్యాన్లతో సమానం. మోసే హక్కు ఉన్న బరువులో అంత తగ్గిపోతుంది, డీజిల్ అదనం. పాత నేల తీసేసి, కింద అడ్డ దూలాలు (క్రాస్ మెంబర్లు) గట్టిగా ఉన్నాయని చూసుకుని వేస్తే చెకర్ ప్లేటు మంచిదే. కుళ్లిన నేల మీద పరిస్తే ఆ బరువంతా కుళ్లిన నేలే మోయాలి.

తుప్పును చిన్న విషయంగా తీసుకోని దేశాలు ఏం చేస్తున్నాయో చూస్తే మన లోటు తెలుస్తుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కార్లకు ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది. స్టీరింగ్, సస్పెన్షన్, సీటు బెల్టు బిగింపుల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు నేల, చట్రం తుప్పుతో బలహీనపడితే బండి తప్పినట్టే. అక్కడ అతుకు వేస్తే చుట్టూ సందు లేకుండా వెల్డింగ్ ఉండాలి, చుక్కలు చెల్లవు. అమెరికాలో మంచు కరిగించడానికి రోడ్లపై చల్లే ఉప్పుతో టయోటా టకోమా పికప్పుల చట్రాలు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. యజమానులు కోర్టుకెక్కారు. 2016లో టయోటా, తప్పు ఒప్పుకోకుండానే, దాదాపు 15 లక్షల బండ్లకు వర్తించే రాజీకి వచ్చింది. దాని విలువ సుమారు 340 కోట్ల డాలర్లని అంచనా వేశారు. చట్రాలు పరీక్షించి, పోయినవాటిని కంపెనీ ఖర్చుతో మార్చారు. మార్చారు, పైన రేకు కప్పలేదు.

మన దగ్గర ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ తప్పదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 62వ నిబంధన ఏళ్లుగా లైట్లు, అద్దాలు, హారన్, వైపర్, పొగ, బ్రేకులు, స్టీరింగ్ వంటివి పేరుపెట్టి చూడమంటోంది. ఓనర్లు కూడా అవే సరిచేయించుకుని వెళతారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు బండి వచ్చేసరికి నేల మీద కొత్త మ్యాట్, అడుగున కొత్త నల్లరంగు. మనుషుల స్థానంలో ఆటోమేటిక్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నా, బ్రేకు పట్టును కొలిచే యంత్రం రోలర్ల మీద బండిని నిలబెట్టి మ్యాట్ కింద ఏముందో చెప్పలేదు. మ్యాట్ ఎత్తి, సుత్తితో తట్టి, సీటు బోల్టుల చుట్టూ చూసి, చూసినట్టు కాగితం మీద రాయించే పద్ధతి తప్పనిసరి కావాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక టార్చి లైటు, ఒక సుత్తి చాలు.

పాత బండ్లను తుక్కుకు పంపేయడమే దీనికి జవాబని కొందరంటారు. 2021 ఆగస్టులో కేంద్రం తుక్కు విధానాన్ని ప్రారంభించింది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బండ్లకు ఫీజులు పెంచింది. అయినా ప్రైవేటు బండి పరీక్షలో నెగ్గినంత కాలం తిరగవచ్చు, అది న్యాయం కూడా. కొత్త పికప్ పది లక్షలకు అటూఇటూ పలుకుతోంది. వాన మీద ఆధారపడిన పంటలతో, క్యాన్ల వ్యాపారంతో, పలకల కిరాయిలతో బతికే కుటుంబానికి ఆ అప్పు చిన్నది కాదు. ఇంజన్ బాగున్న బండిని నేల కోసం తుక్కులో వేయడం వృథా. నేలను నిజంగా బాగుచేస్తే ఆ బండి ఇంకా ఏళ్ల తరబడి కుటుంబాన్ని సాకుతుంది. బాగుచేయకుండా కప్పిపెట్టేవాళ్లే తుక్కు వాదానికి బలం ఇస్తున్నారు.

మేస్త్రీలను తిట్టి లాభం లేదు. గంటల పనికి రోజు కూలీ ఇచ్చి, మూడు రోజుల పనికి కూలీ అడిగితే బేరమాడే ఓనర్లు ఉన్నప్పుడు రేకు కప్పడమే మార్గమవుతుంది. చాలామంది టింకరింగ్ పని పక్కవాణ్ని చూసి నేర్చుకున్నారు, ఏ బడీ నేర్పలేదు. ఐటీఐలలో వెల్డర్, షీట్ మెటల్ వర్కర్‌తో పాటు ఆటో బాడీ రిపేరు అనే కోర్సు జాతీయ స్థాయిలో ఉంది. లారీలు, పికప్పుల మీదే రవాణా నడిచే పశ్చిమ ప్రకాశంలోని ఐటీఐలలో దాన్ని పెట్టాలి. ఇప్పటికే షెడ్లు నడుపుతున్న మేస్త్రీలకు వారం పది రోజుల శిక్షణ ఇచ్చి, సీఓటూ వెల్డింగ్ సెట్టు కొనుక్కునేందుకు బ్యాంకు రుణం ఇప్పించాలి. ఎమ్మెల్యేలు, కలెక్టర్లు తలచుకుంటే ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని.

ఓనర్లు మాత్రం ఏ జీవో కోసమూ ఆగనవసరం లేదు. నీళ్లు తోలే బండి తొట్టిని రాత్రి వాలుగా నిలిపి ఆరనివ్వండి. ఎరువులు దించాక మంచి నీటితో మూలలు కడిగించండి. పలకల కింద పాత గోనెలు పరవండి. తీరం వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి చవగ్గా వస్తోందంటే కొనేముందు కిందికి దూరి చూడండి. షెడ్డుకు బండి ఇచ్చేటప్పుడు, పాత రేకు కోసేశాక, కొత్తది అతికేముందు కబురు చేయమని మేస్త్రీకి చెప్పండి. ఆ పూట పని మానుకునైనా వెళ్లి, కోసిన అంచు మంచి ఇనుము దాకా వచ్చిందో లేదో మీ కళ్లతో చూసి, అప్పుడు డబ్బులివ్వండి.